పన్నీరు సీసాలో ఏముంది? పూల నీళ్లపై పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఎండలు ముదిరాక పన్నీరు, కేవ్డా (మొగలి), మల్లె నీళ్ల గురించి ఉత్తరాలు వరసగా వచ్చాయి. ఒకే ప్రశ్న నలుగురైదుగురు అడిగినచోట కలిపి జవాబిచ్చాం.

ప్రశ్న: గులాబీ రెక్కలు నీళ్లలో ఉడికించి వడగట్టి సీసాలో పోశాను. చక్కటి గులాబీ రంగు వచ్చింది గానీ వాసన అంతంతమాత్రం. నాలుగో రోజుకే నీళ్లలో తీగల్లా తేలాయి, పులిసిన వాసన. బజారు సీసా నెలల తరబడి ఎలా నిలుస్తోంది? – ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మీరు చేసింది పన్నీరు కాదండీ, గులాబీ కషాయం. రెక్కలు ఉడికితే వాటిలోని రంగు, వగరు, చక్కెరలు నీళ్లలోకి దిగుతాయి. సువాసన మాత్రం ఆవిరితో పాటు వంటింట్లోకి వెళ్లిపోతుంది. ఉడుకుతున్నప్పుడు ఇల్లంతా గుమగుమలాడింది కదూ? మీ సీసాలో ఉండాల్సింది అదే. దిగిన చక్కెరలు బూజుకూ బాక్టీరియాకూ మంచి మేత, అందుకే నాలుగు రోజుల్లో పాడైంది.

అసలు పన్నీరంటే ఆ ఆవిరిని పట్టి చల్లార్చిన నీరు. ఆవిరితో రంగు రాదు, వగరు రాదు. కాబట్టి సరిగా తీసిన పన్నీరు మామూలు మంచినీళ్లలా తెల్లగా ఉంటుంది. ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో ఇప్పటికీ దీన్ని పాత పద్ధతిలోనే తీస్తున్నారు. డేగ్ అనే పెద్ద రాగి పాత్రలో పూలు, నీళ్లు వేసి మూత అంచుకు బంకమట్టి మెత్తుతారు. వెదురు గొట్టం గుండా ఆవిరి నీటి తొట్టిలో ఉంచిన భప్కా అనే రాగి కుండలోకి వెళ్లి చల్లబడుతుంది. తొట్టిలో నీళ్లు వేడెక్కగానే మార్చడం, పొయ్యి మంట అదుపులో ఉంచడం, పనితనమంతా ఈ రెండింటిలోనే. ఇంట్లో చేసేవాళ్లకూ సూత్రం అదే.

పాడైన సీసాను పారబోయండి, అలాగని కషాయం పనికిరానిదేమీ కాదు. ఈసారి చేసినప్పుడు పంచదార కలిపి షర్బత్ పాకం పట్టుకోండి. తీసిపెట్టుకుని ముఖానికి రాసుకోవడం మాత్రం వద్దు.

ప్రశ్న: బట్టీ (ఆవిరి పట్టే) సామాను లేకుండా మామూలు గిన్నెలతో పన్నీరు తీయవచ్చా? కొలతలతో చెప్పండి. – ముగ్గురు పాఠకులు: రాజమండ్రి, కరీంనగర్, బళ్లారి

జవాబు: తీయవచ్చు. కావాల్సినవి ఐదారు లీటర్ల స్టీలు తపేలా, దానికి సరిపడే గుబ్బ మూత, లోపల పెట్టడానికి చిన్న స్టీలు స్టాండు, దాని మీదికి అర లీటరు పట్టే గిన్నె. అల్యూమినియం, ఇనుము వద్దు, వాసన మారుతుంది. నిన్న సాంబారు కాచిన గిన్నె అయితే నిమ్మరసంతో తోమి, ఉత్త నీళ్లు ఒకసారి మరిగించి పారబోసి మొదలుపెట్టండి. పూల నీళ్లు ఏ వాసననైనా ఇట్టే పట్టేస్తాయి.

250 గ్రాముల రెక్కలు, లీటరు నీళ్లు. ఆర్‌ఓ నీళ్లు మంచివి. మున్సిపల్ కుళాయి నీళ్లయితే ముందు కాచి చల్లార్చండి, లేకపోతే క్లోరిన్ కూడా ఆవిరితో పాటు మీ గిన్నెలోకే వస్తుంది. బోరు నీళ్ల ఉప్పు సంగతి భయం లేదు, అది అడుగునే ఉండిపోతుంది. తొడిమలు, అడుగున ఉండే ఆకుపచ్చ భాగం తీసేసి రెక్కలు మాత్రమే వేయండి. తపేలా మధ్యలో స్టాండు, దాని మీద ఖాళీ గిన్నె, చుట్టూ రెక్కలు, నీళ్లు. నీటిమట్టం గిన్నె అంచుకు కనీసం మూడు వేళ్ల కింద ఉండాలి.

ఇప్పుడు మూతను మామూలుగా కాకుండా తిరగేసి పెట్టండి, పిడి కిందికి, సరిగ్గా గిన్నె మీదికి వచ్చేలా. ఆవిరి మూతకు తగిలి చుక్కలై పిడి దాకా జారి గిన్నెలో పడుతుంది. అంచు చుట్టూ దమ్ బిర్యానీకి పెట్టినట్టే గోధుమపిండి ముద్ద ఒత్తండి. మూతకు చిల్లు ఉంటే దాన్నీ పిండితోనే పూడ్చండి.

మంట మీద పెట్టి నీళ్లు కదలడం వినిపించగానే సిమ్‌లోకి తగ్గించి, మూత గుంటలో ఐస్ వేయండి. ఐస్ కరిగి గోరువెచ్చన అవగానే గరిటెతో తోడేసి కొత్త ఐస్ వేయాలి. ఇక్కడే చాలామంది పిసినారితనం చేస్తారు. 200 మి.లీ. పన్నీరు దిగాలంటే కిలో నుంచి కిలోన్నర ఐస్ ఖర్చవుతుంది. నాలుగు ముక్కలు వేసి ఊరుకుంటే మూత వేడెక్కి, ఆవిరి పిండి సందుల్లోంచి పోతుంది. వంటింట్లో గులాబీ వాసన గట్టిగా వస్తోందంటే సంతోషించకండి, అదంతా నష్టమే.

40 నుంచి 45 నిమిషాల్లో దాదాపు 200 మి.లీ. దిగుతుంది. అక్కడ ఆపేయండి. పూల బరువుకు మించి నీరు పట్టకూడదన్నది మోటు లెక్క. 250 గ్రాముల పూలకు 250 మి.లీ. దాటితే వచ్చేది ఉడికిన ఆకుకూర వాసన, అది ముందు దిగిన మంచి నీటినీ చెడగొడుతుంది. మంట ఆపాక మూత వెంటనే తీయకండి, పూర్తిగా చల్లారనివ్వండి. తీసేటప్పుడు మూత మీది ఐస్ నీళ్లు ముందు తోడేయండి, లేకపోతే అవి ఒలికి గిన్నెలో పడతాయి. చివరి నిమిషంలో జరిగే నష్టాల్లో ఇదే ఎక్కువ.

పది నిమిషాలు నీళ్లలో మరగనిచ్చి, తడి ఆరనిచ్చిన గాజు సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టండి. మొదటి రోజు పచ్చిగడ్డి వాసనో, కొద్దిగా ఉడుకు వాసనో ఉంటే కంగారు పడొద్దు. వారం, పది రోజుల్లో అది తగ్గి గులాబీ తేలుతుంది. దిగిన నీరు గులాబీ రంగులో ఉంటే మాత్రం మంట ఎక్కువై కింది నీళ్లు గిన్నెలోకి చిట్లాయన్నమాట. అది వారంలోపు వాడేయాలి. సరిగా వచ్చినదైతే ఫ్రిజ్‌లో నెల, నెలన్నర. మసక, తీగలు, నేల వాసన, ఏది కనిపించినా పారబోయడమే. మళ్లీ కాచి వాడుకోవచ్చా అని ఒకరు అడిగారు. కాస్తే ఉన్న వాసనా పోతుంది, వద్దు.

ప్రశ్న: ఇంట్లో తీసిన పన్నీరు పైన సన్నగా నూనె మెరుపు కనిపించింది. నెయ్యి గిన్నె సరిగా తోమలేదేమో అనుకున్నాను. అదేనా అత్తరు? – ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: గిన్నె శుభ్రమైనదే అయితే అది గులాబీ నూనె అయి ఉండొచ్చు. జహంగీర్ చక్రవర్తి తన జ్ఞాపకాల్లో ఇదే ముచ్చట రాసుకున్నాడు: నూర్జహాన్ తల్లి పన్నీరు తీయిస్తుండగా, వేడి నీటి మీద తేలిన నురగను ఎత్తి చూస్తే అది ఘాటైన గులాబీ అత్తరు అని. కానీ ఆశ పెట్టుకోకండి. కిలో నూనెకు మూడు నుంచి నాలుగు వేల కిలోల పూలు పడతాయి. ఆ లెక్కన మీ పావుకిలో పూలలో మహా అయితే ఒకటి రెండు చుక్కలు, అందులోనూ చాలావరకు నీళ్లలోనే కలిసిపోతుంది. ఎత్తే ప్రయత్నం వద్దు, సీసా ఊపి వాడుకోండి.

ప్రశ్న: ప్రెషర్ కుక్కర్ విజిల్ తీసేసి గొట్టం తగిలిస్తే త్వరగా అవుతుందట కదా? – ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: మేం సిఫారసు చేయం. ఉడికిన రెక్కలు పలచగా తేలి వెళ్లి ఆవిరి రంధ్రానికి అతుక్కుంటాయి. రంధ్రం మూసుకుంటే వెయిటు లేకపోయినా లోపల ఒత్తిడి పెరుగుతుంది. పైగా కుక్కర్ గాస్కెట్ పప్పు, మసాలా వాసనలు పీల్చుకుని ఉంటుంది, అవన్నీ వచ్చి మీ పన్నీరులో చేరతాయి. తపేలా నెమ్మదే గానీ నయం.

ప్రశ్న: పూల మార్కెట్లో ఎర్ర గులాబీలు కిలో తెచ్చి చేశాను. వాసనే లేదు. – ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: బొకేలకు వాడే పొడవు కాడల గులాబీని రంగు కోసం, వారం రోజులు వాడిపోకుండా ఉండటం కోసం పెంచుతారు. పూవులోనే లేని వాసన ఆవిరిలోకి ఎక్కడి నుంచి వస్తుంది? అదీగాక వాటి మీద కొట్టే మందుల సంగతి ఉంది. కొన్ని మందులు కడిగితే పోవు, మొక్క రసంలోకే ఎక్కుతాయి. తినడానికీ, ఒంటికి రాయడానికీ అవి పనికిరావు.

కావలసింది పలచటి లేత గులాబీ రంగు రెక్కల నాటు గులాబీ. నర్సరీల్లో పన్నీరు గులాబీ అని అడిగితే ఇస్తారు, కడియం వైపు వెళ్లేవాళ్లకు వెతుక్కోవాల్సిన పని ఉండదు. ఉత్తరాదిన బట్టీలకు వాడేది డమాస్క్ గులాబీ. ఎండ ముదరకముందే, మంచు తడి ఆరీ ఆరకముందే కోయాలి. పొద్దెక్కేకొద్దీ నూనె ఎగిరిపోతుంది. కోసిన పూలు అదే పూట పొయ్యెక్కాలి. కవర్లో కట్టి సాయంత్రం దాకా ఉంచితే లోపల వేడి పుట్టి రెక్కలు కుళ్లు వాసన పడతాయి.

మా మాట అడిగితే, పెరట్లో నాలుగు పొదలు ఉన్నవాళ్లకే ఇంట్లో తీయడం గిట్టుబాటు. పూలు కొని, ఐస్ కొని, గ్యాస్ కాల్చి 200 మి.లీ. తీసేకంటే మంచి సీసా ఒకటి చూసి కొనుక్కోవడం చవక.

ప్రశ్న: ఆ ‘మంచి సీసా’ను గుర్తుపట్టడం ఎలా? షాపులో ఒకటి నలభై రూపాయలు, ఇంకొకటి నాలుగు వందలు. – ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: సీసా ముందువైపు గులాబీ బొమ్మను వదిలేసి వెనక్కి తిప్పండి. ముఖానికి వాడే సీసా మీద ‘రోజా డమాసెనా ఫ్లవర్ వాటర్’ అనో, ‘రోజా డమాసెనా డిస్టిలేట్’ అనో (డమాస్క్ గులాబీ పేరే అది) మొదట ఉంటే, పక్కన ఒక ప్రిజర్వేటివ్ పేరు ఉన్నా అది పూల నీరే. అసలు ప్రిజర్వేటివ్ లేని సీసా తెరిస్తే ఫ్రిజ్‌లోనే ఉండాలి. అలాకాక ‘ఆక్వా, పర్ఫ్యూమ్, పీఈజీ-40 హైడ్రోజనేటెడ్ క్యాస్టర్ ఆయిల్’ అని ఉంటే అది సెంటు కలిపిన నీరు. ఆ పీఈజీ ఎందుకంటే, సెంటు నూనె నీళ్లలో కలవదు, దాన్ని కలిపి ఉంచడానికి. ఇలాంటి సీసాను గట్టిగా ఊపితే నురుగు కొన్ని నిమిషాలు నిలుస్తుంది. ఉత్త పూల నీటిలో బుడగలు ఇట్టే ఆరిపోతాయి.

వాసన చూడాలంటే కాగితం ముక్క ముంచి పక్కన పెట్టండి. పూల నీటి వాసన మెత్తగా మొదలై, కాగితం ఆరేసరికి చాలావరకు పోతుంది. మర్నాడు కూడా అదే ఘాటు ఉంటే సెంటే. ఈ పరీక్షలకూ ఒక హద్దు ఉంది. పన్నీరుకు ప్రధాన వాసననిచ్చే ఫినైల్ ఇథైల్ ఆల్కహాల్ ఫ్యాక్టరీలోనూ తయారవుతుంది, చవకగా దొరుకుతుంది. కొద్దిగా అది కలిపితే ముక్కుకు అందదు, ప్రయోగశాలలోనే తేలుతుంది.

వంటకు కొనేదైతే ఒకటే షరతు: సీసా మీద 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత సంస్థ) లైసెన్సు నంబరు ఉండాలి. సౌందర్య సాధనంగా అమ్మేది ఎంత ఖరీదైనదైనా నోట్లోకి వద్దు. పాతబస్తీ యునానీ షాపుల్లో దొరికే అర్క్-ఎ-గులాబ్ కూడా ఆవిరి పట్టి తీసేదే. దాని మీదా తయారీ లైసెన్సు, గడువు తేదీ చూసుకోండి.

ప్రశ్న: బిర్యానీలో కేవ్డా వేస్తే చేదెక్కి సబ్బు తిన్నట్టైంది. గులాబ్‌జామూన్‌లో పన్నీరు పోస్తే వాసనే రాలేదు. రెండూ ఎందుకు చెడ్డాయి? – ఒక పాఠకురాలు, నిజామాబాద్

జవాబు: మీ చేతిలో ఉన్నది కేవ్డా వాటర్ కాదు, కేవ్డా ఎసెన్స్ అయి ఉంటుంది. సీసాలు ఒకేలా ఉంటాయి, ఘాటులో పోలికే లేదు. వాటర్ అయితే కిలో బియ్యం బిర్యానీకి ఒక టీస్పూను, మహా అయితే రెండు. ఎసెన్స్ అయితే మూడు నాలుగు చుక్కలు, అవీ పావు కప్పు గోరువెచ్చని పాలలో కలిపి చల్లాలి. నేరుగా వేస్తే పడ్డచోటే చేదు. చివరి పొర అన్నం పరిచి, మూత పెట్టి దమ్ వేసే ముందు కుంకుమపువ్వు పాలతో పాటు చల్లితే నెయ్యి ఆ వాసనను పట్టి ఉంచుతుంది.

కేవ్డా అంటే మన మొగలిపువ్వే. శ్రీకాకుళం పక్కనే ఉన్న ఒడిశాలోని గంజాం జిల్లాలో మగ పూలను తెల్లవారుజామున కోసి బట్టీ పెడతారు, దానికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. ఘాటైన పూవు కాబట్టి చేయి అదుపులో ఉండాలి.

ఇక జామూన్ల సంగతి. పాకం మరుగుతుండగా పోసి ఉంటారు. పూల నీటికి ఆవిరే ప్రాణం, ఆవిరే గండం. కిలో పంచదార పాకానికి రెండు టేబుల్‌స్పూన్ల పన్నీరు, పొయ్యి ఆపి, గిన్నె మీద చేయి పెట్టగలిగేంత చల్లారాక కలపండి. డబల్ కా మీఠా, ఖుబానీ కా మీఠా, సేమ్యా పాయసం, అన్నింటికీ ఇదే లెక్క, దించాకే వేయాలి. పాలు విరుగుతాయేమోనని ఇంకొకరు భయపడ్డారు. పన్నీరులో కొద్దిగా ఆమ్లగుణం ఉన్నా స్పూను రెండు స్పూన్లకు పాలు విరగవు. విరిగాయంటే పాలే పాతవి. రోజ్‌మిల్క్‌కు వాడే ఎర్ర సిరప్ వేరు, పన్నీరు వేరు. ఒకదాని కొలత ఇంకొకదానికి పనికిరాదు.

ప్రశ్న: మల్లెపూలతోనూ ఇలాగే తీయవచ్చా? పెరట్లో బుట్టలకొద్దీ పూస్తున్నాయి. – ఒక పాఠకురాలు, మైలవరం

జవాబు: గులాబీ వేడిని తట్టుకుంటుంది, మల్లె తట్టుకోదు. తపేలాలో పెడితే ఉడికిన పూల వాసన తప్ప మల్లె రాదు. కన్నౌజ్ వాళ్లు మల్లెను కూడా బట్టీ పెడతారు గానీ, ఆవిరిని గంధపు నూనెలోకి పట్టి అత్తరు చేస్తారు. సెంటు పరిశ్రమలో అయితే వేడి బదులు ద్రావకాలతో తీస్తారు. ఇంట్లో రెండూ కుదరవు.

మల్లెకు ఒక మంచి గుణం ఉంది. కోశాక కూడా విచ్చుకుంటూ వాసన వదులుతూనే ఉంటుంది. కాబట్టి పొయ్యి మాట మరిచిపోయి కుండ పట్టుకోండి. సాయంత్రం విచ్చడానికి సిద్ధంగా ఉన్న పది పన్నెండు మొగ్గలు, తొడిమలు తుంచి, కడిగి, కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో వేసి మూత పెట్టండి. పొద్దున్నే పూలు తీసేయండి. రెక్క అంచు గోధుమ రంగుకు తిరిగాక ఇంకా ఉంచితే నీళ్లు జిగట వాసన వేస్తాయి. ఆ నీళ్లు ఆ రోజే తాగేయాలి. ఇది మందు కొట్టని పెరటి పూలతో మాత్రమే. మూరల లెక్కన కొన్న దండ విప్పి వేయకండి.

ఏ వాసన పూలైనా సరేనా అని మీరే చివర్లో అడిగారు. కాదు. గన్నేరు, ఉమ్మెత్త విషం. వాటిని వంటింటి గిన్నెల దగ్గరికే రానీయకండి.

ప్రశ్న: రోజూ పన్నీరు దూదితో ముఖానికి రాస్తున్నాను. మొదట చల్లగా ఉంటుంది, కాసేపటికి చర్మం ఇంకా బిగుసుకుపోతోంది. కళ్లు మంటగా ఉంటే రెండు చుక్కలు వేసుకోవచ్చంటున్నారు, నిజమేనా? – ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: రెండో ప్రశ్నకు ముందు జవాబు: వద్దు. కంట్లో వేసే మందు సూక్ష్మక్రిములు లేకుండా సీలు చేసి తయారవుతుంది. పన్నీరు అలా తయారు కాదు, తెరిచిన సీసా అయితే మరీనూ. మంట తగ్గకపోతే కంటి డాక్టర్‌ను చూడండి.

బిగుతు సంగతికి వస్తే, పన్నీరు నీరే, తేమను పట్టి ఉంచే గుణం దానికి లేదు. మీ అనంతపురం పొడిగాలికి అది ఆరుతూ చర్మం మీది తేమనూ పట్టుకుపోతుంది. రాసిన వెంటనే, ముఖం తడిగా ఉండగానే, మీరు వాడే క్రీమో రెండు చుక్కల కొబ్బరినూనో పైన రాయండి. లేదా తొమ్మిది పాళ్ల పన్నీరుకు ఒక పాలు గ్లిజరిన్ కలపండి. అంతకు మించితే జిడ్డుగా అతుక్కుని దుమ్ము పడుతుంది. సీసా లేబుల్‌లో ఆల్కహాల్ డీనాట్ (ఒక రకం స్పిరిటు) అని ఉంటే బిగుతుకు కారణం అదే కావచ్చు, సీసా మార్చండి. ముల్తానీ మట్టితో కలిపి వేసుకునేవాళ్లు రెండు స్పూన్ల మట్టికి రెండు స్పూన్ల పన్నీరుతో మొదలుపెట్టి, అది పగుళ్లు తీసేదాకా ఉంచకుండా ఇంకా తడి ఉండగానే కడిగేయాలి.

దూది ముక్క సీసా మూతికి పెట్టి వంచే అలవాటు మానుకోండి, వేలి మురికి లోపలికి వెళ్తుంది. స్ప్రే సీసా మంచిది. కొత్త సీసా ఏదైనా మోచేతి మడతలో రాసి ఒకటి రెండు రోజులు చూశాకే ముఖానికి. సహజమైన గులాబీలోనూ జెరానియాల్, సిట్రోనెల్లాల్ అనే వాసన పదార్థాలు ఉంటాయి, కొందరికి అవి పడవు. ఎగ్జిమా ఉన్నవాళ్లు, పసిపిల్లలు దూరంగా ఉండటమే మేలు.

ప్రశ్న: పూజాసామాను కొట్లో కొన్న పన్నీరు మిగిలింది, పాయసంలో వేయవచ్చా? పెళ్లిలో వాడిన ఇత్తడి పన్నీరు బుడ్డిలో ఆకుపచ్చగా పట్టింది, ఎలా పోతుంది? – ఒక పాఠకుడు, సిద్దిపేట

జవాబు: పాయసంలో వద్దు. ఆ సీసాల్లో చాలావాటి మీద పూజకు మాత్రమే అని రాసే ఉంటుంది, లోపలిది సెంటు నీరు. అభిషేక తీర్థం పుచ్చుకునే అలవాటు ఉన్న ఇంట్లో, అభిషేకానికీ తినదగిన పన్నీరే కొనడం మంచిది. శివుడికైతే కేవ్డా సీసా జోలికి వెళ్లకండి, మొగలి పనికిరాదన్న ఆచారం తెలిసిందే కదా.

బుడ్డిలోది చిలుము. పన్నీరులోని కొద్దిపాటి ఆమ్లానికి రాత్రంతా నిలవ ఉంటే ఇత్తడి అలా అవుతుంది. చింతపండు పులుసులో ఉప్పు వేసి లోపల పోసి పావుగంట ఉంచి, బియ్యపు గింజలు వేసి గిలకరించండి. మూతి చిల్లులు సూదితో పొడిచి, నాలుగైదు సార్లు కడిగి ఎండలో బోర్లించండి. ఈసారి పందిరిలో అతిథులు రావడం మొదలయ్యాకే పన్నీరు పోసి, అయిపోగానే ఒంపేయండి.

ప్రశ్న: ఇక్కడ అరబ్ షాపుల్లో గులాబీ నీరుతో పాటు ఆరెంజ్ బ్లాసమ్ వాటర్ అమ్ముతున్నారు. కేవ్డా దొరకనప్పుడు బిర్యానీలో అది వేయవచ్చా? – ఒక పాఠకుడు, న్యూజెర్సీ

జవాబు: అది చేదు నారింజ పూల నుంచి తీసేది, లెబనాన్ వైపు మిఠాయిల్లో వాడతారు. మొగలి ఘాటుకు అది బదులు కాదు, మసాలా కింద నలిగిపోతుంది. బిర్యానీకి అక్కడ దొరికే గులాబీ నీరే రెండు స్పూన్లు వాడండి, అయితే ముందు అర స్పూనుతో రుచి చూసుకోండి. ఒక్కో దేశం సీసా ఒక్కో ఘాటులో ఉంటుంది. నారింజ పూల నీరు కొన్నారా, రవ్వకేసరి దించాక ఒక టీస్పూను కలిపి చూడండి, అక్కడ బాగా కుదురుతుంది.